క్లచ్ వైరులో ఆ కాస్త లూజు ఎందుకు ఉండాలి, ఎలా పెట్టుకోవాలి

ఒడిశాలోని మా సెమిలిగూడ నుంచి ఆంధ్రాలోని సాలూరు దిగే రోడ్డు తెలిసినవాళ్ళకు క్లచ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. పొట్టంగి దాటి సుంకి దగ్గర ఘాట్ మొదలయ్యాక ముందు లోడు లారీ, వెనక బస్సు, మధ్యలో మనం. లారీ మలుపు తిరిగేదాకా ఆగాలి, కదలాలి, మళ్ళీ ఆగాలి. ఊళ్ళో వారం రోజుల్లో క్లచ్ ఎన్నిసార్లు పడతామో ఇక్కడ ఒక్క పూటలో అన్నిసార్లు పడతాం. అందుకే మా వైపు బైకు ఉన్న ప్రతివాళ్ళకూ క్లచ్ వైరు సెట్ చేసుకోవడం రావాలని నా అభిప్రాయం. మెకానిక్ అవసరం లేదు, రెండు పానాలు, పావుగంట ఉంటే చాలు.

ముందు నాకు జరిగింది చెబుతాను, ఎందుకంటే చాలామంది చేసే తప్పు అదే. రెండేళ్ల కిందట వానాకాలంలో సాలూరులో పెళ్ళికి బయల్దేరే ముందురోజు క్లచ్ లివర్ కొంచెం వదులుగా అనిపించింది. దగ్గర్లో ఉన్న ఒక షాపుకి వెళ్ళి, మా దగ్గర అందరూ అనేమాటే అన్నాను, "టైట్ కరిదియ" అని, అంటే ఒడియాలో బిగించెయ్యమని. ఆ అబ్బాయి నేను చెప్పినట్టే బిగించాడు. లివర్ ముట్టుకుంటే చాలు, వెంటనే బరువు తగులుతోంది, ఎక్కడా వదులు లేదు, నాకు బలే నచ్చింది. దిగేటప్పుడు ఏమీ తెలియలేదు. మర్నాడు వెనక మా ఆవిడ, ట్యాంకు మీద సంచీ, సాలూరు నుంచి ఘాట్ ఎక్కుతున్నాం. మూడో నాలుగో మలుపు దగ్గర ఇంజన్ గోల పెడుతోంది కానీ బండి ముందుకు రావడం లేదు. ఇంకా రేజ్ ఇచ్చాను, శబ్దం పెరిగింది, స్పీడ్ పెరగలేదు. తర్వాత మాడు వాసన, మూకుడులో నూనె మాడితే వచ్చే వాసనలాంటిది. పక్కకు ఆపి, చల్లారాక మెల్లగా వెనక్కి తిప్పి సాలూరు దిగిపోయాం.

అక్కడ మెకానిక్ లివర్ ఒకసారి వేలితో కదిపి చూసి, కవర్ విప్పకముందే అడిగాడు, "ఈ వైరు ఎవరు బిగించారు బావూ?" విప్పి చూపించాడు. ఫైబర్ ప్లేట్లు నల్లగా మాడి ఉన్నాయి, స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు. ప్లేట్ల సెట్టు, స్ప్రింగులు, కొత్త ఆయిల్, కూలి అన్నీ కలిపి పెళ్ళిలో చదివించిన దానికంటే ఎక్కువైంది. వైరు సెట్ చేయడం నేను ఆ రోజు అక్కడే నేర్చుకున్నాను.

జరిగిందేమిటంటే, క్లచ్ లోపల ప్లేట్లను స్ప్రింగులు ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచుతాయి. ఆ పట్టు వల్లే ఇంజన్ బలం చక్రానికి చేరుతుంది. మనం లివర్ పడితే వైరు ఆ పట్టును విడదీస్తుంది. లివర్ పూర్తిగా వదిలేసినప్పుడు వైరు కూడా పూర్తిగా వదులైపోవాలి, స్ప్రింగుల పని స్ప్రింగులు చేసుకోవాలి. వైరులో ఏమాత్రం వదులు లేకుండా బిగిస్తే, చెయ్యి తీసేసినా వైరు లోపల కొద్దిగా లాగుతూనే ఉంటుంది, అంటే మనం రోజంతా కాస్త హాఫ్ క్లచ్‌లో నడుపుతున్నట్టే. మైదానంలో సరే, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ సగం పట్టు చాలదు, ప్లేట్లు జారతాయి, జారితే వేడెక్కుతాయి, వేడెక్కితే మాడతాయి. ఆ కాస్త వదులునే మెకానిక్‌లు ప్లే అంటారు.

ఎంత ప్లే ఉండాలి అన్నది బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, మీ బండికి అదే ప్రమాణం. కొన్ని పుస్తకాల్లో లివర్ చివర 10 నుంచి 20 మి.మీ. అని ఉంటుంది, కొన్నింటిలో లివర్ మొదట్లో, అంటే లివర్‌కీ దాన్ని పట్టుకున్న బ్రాకెట్‌కీ మధ్య సందు 2 నుంచి 3 మి.మీ. అని ఉంటుంది. ఇవి చూసి ఒకటి ఎక్కువ, ఇంకోటి తక్కువ అనుకోకండి. లివర్ తిరిగే బోల్టుకు వైరు గుండు, అంటే లివర్‌లో ఇరుక్కునే వైరు చివర, దగ్గరగా ఉంటుంది, మన వేళ్ళు పట్టే చివర చాలా దూరంగా ఉంటుంది, కాబట్టి వైరు 2, 3 మి.మీ. కదిలితే చివర అంతకు ఎన్నో రెట్లు కదులుతుంది. రెండూ దాదాపు ఒకటే కొలత. స్కేలు లేకపోతే రూపాయి బిళ్ళలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి, ఆ మందం 3 మి.మీ.కి దగ్గరగా ఉంటుంది, లివర్ మొదట్లో సందు అంతకు మించకూడదు.

చూసే పద్ధతి ఇదీ. బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే అయితే మంచిది, సెంటర్ స్టాండ్ వేసి హ్యాండిల్ తిన్నగా పెట్టండి, ఇంజన్ ఆపే ఉండాలి. లివర్‌ని గుప్పిటతో పట్టుకోకండి, ఒక్క వేలితో మెల్లగా లాగండి. మొదట ఏ బరువూ లేకుండా ఊరికే వస్తుంది, తర్వాత ఒక చోట స్ప్రింగు బరువు వేలికి తగులుతుంది. ఊరికే వచ్చిన ఆ దూరమే ప్లే. మూడు నాలుగుసార్లు చేస్తే ఆ రెంటికీ తేడా వేలికే తెలిసిపోతుంది, తర్వాత స్కేలు కూడా అక్కర్లేదు. వేడి బండి మీద చూడొద్దని ఎందుకంటున్నానంటే, ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే ప్లేట్లు వేడికి ఉబ్బి ఉంటాయి, అప్పుడు ప్లే ఎక్కువగా కనిపిస్తుంది. వదులైపోయిందని అప్పుడే బిగించేస్తే చల్లారాక చూసుకుంటే ప్లే ఉండదు. సుంకి చెక్‌పోస్టు దగ్గర టీ తాగుతూ బిగించేవాళ్ళను చూశాను, ఆ పని మాత్రం వద్దు.

ఇంకో విషయం, చాలామందికి తెలియనిది. క్లచ్ కాలం గడిచేకొద్దీ వదులే అవుతుంది అనుకుంటారు. వైరు సాగితే, వైరు పైనుండే గొట్టం, అంటే కేసింగ్, నలిగితే ప్లే పెరుగుతుంది, నిజమే. కానీ ప్లేట్లు అరిగితే ప్లే తగ్గుతుంది. ప్లేట్ల దొంతర పలచబడేకొద్దీ వాటిని నొక్కే ప్లేటు జరిగి, వైరులో ఉన్న వదులును తినేస్తూ వస్తుంది. కాబట్టి మీరు చెయ్యి పెట్టకుండానే ప్లే తగ్గిపోతూ ఉంటే, నెలనెలా వదులు చేసుకోవాల్సి వస్తుంటే, అది వైరు సమస్య కాదు, లోపల ప్లేట్లు అరుగుతున్నాయని అర్థం. అదే ప్లే తరచుగా పెరిగిపోతుంటే వైరు తెగే దారిలో ఉందేమో చూడండి.

ఇక సెట్ చేయడం. 10, 12, 14 నంబర్లున్న పానాలు, ఒక కటింగ్ ప్లేయర్, ఒక గుడ్డ ఉంటే చాలు. అడ్జస్టర్లు రెండు చోట్ల ఉంటాయి, పైన లివర్ దగ్గర ఒకటి, కింద ఇంజన్ దగ్గర ఒకటి. చిన్న సర్దుబాటు పైన చేస్తాం, పెద్దది కింద.

పైన లివర్ దగ్గర రబ్బరు టోపీ ఉంటే వెనక్కి జరపండి. వైరు లివర్‌లోకి వెళ్ళేచోట గీతలున్న గుండ్రటి అడ్జస్టర్, దాన్ని కదలకుండా పట్టి ఉంచే లాక్ రింగు కనిపిస్తాయి. ముందు లాక్ రింగు వదులు చేయండి, మామూలుగా చేత్తోనే వస్తుంది, తుప్పు పట్టి రాకపోతే గుడ్డ చుట్టి ప్లేయర్‌తో కొద్దిగా తిప్పండి, ఉత్త ప్లేయర్ పెడితే గీతలు అరిగిపోతాయి. తర్వాత అడ్జస్టర్‌ని బ్రాకెట్ నుంచి బయటికి వచ్చేలా తిప్పితే ప్లే తగ్గుతుంది, లోపలికి వెళ్ళేలా తిప్పితే ప్లే పెరుగుతుంది. ఎటు తిప్పాలో గుర్తుండకపోతే ఇలా ఆలోచించండి, అడ్జస్టర్ బయటికి వస్తే అది కేసింగ్‌ని దూరంగా నెడుతుంది, కేసింగ్ పొడవైనట్టే, లోపలి తీగ మాత్రం అంతే ఉంటుంది కాబట్టి బిగుసుకుంటుంది. అర చుట్టు తిప్పండి, లివర్ చూడండి, మళ్ళీ అర చుట్టు. సరిపోయాక లాక్ రింగు బిగించి ఇంకోసారి ప్లే చూడండి, ఎందుకంటే రింగు బిగించేటప్పుడు అడ్జస్టర్ కొంచెం తిరిగిపోతుంది. మా బావమరిది మొదటిసారి చేసినప్పుడు ఇదే మర్చిపోయి, "అన్నీ సరిగ్గానే పెట్టాను బావా, మళ్ళీ టైట్ అయిపోయింది" అని ఫోన్ చేశాడు.

అడ్జస్టర్‌ మీద, లాక్ రింగు మీద, బ్రాకెట్ మీద పొడవుగా ఒక చీలిక ఉంటుంది, మూడూ ఒకే వరసలోకి వస్తే వైరు బయటికి తీయొచ్చు. సెట్ చేయడం అయిపోయాక ఆ చీలికలు వరసలో లేకుండా చూసుకోండి, వీలైతే అడ్జస్టర్ చీలిక కింది వైపు ఉండేలా ఆపండి. మా కోరాపుట్ జిల్లాలో జూన్‌లో మొదలైన వాన సెప్టెంబర్ దాకా వదలదు, పైకి చూసే చీలికలోంచి నీళ్ళు నేరుగా కేసింగ్‌లోకి దిగి లోపలి తీగను తుప్పు పట్టిస్తాయి. రబ్బరు టోపీని మళ్ళీ సరిగ్గా తొడగండి. వాటర్ సర్వీసింగ్ దగ్గర కూడా గన్ లివర్ మీద పెట్టొద్దని చెప్పండి.

అడ్జస్టర్ చాలా బయటికి వచ్చేసి, మర ఒకటి రెండు చుట్లు మాత్రమే పట్టుకుని ఉంటే అక్కడితో ఆపేయండి. గుంతలో పడ్డప్పుడు ఆ కుదుపుకు అది ఊడొచ్చు, విరగొచ్చు. అప్పుడు కింద చేయాలి. పై అడ్జస్టర్‌ని పూర్తిగా లోపలికి తిప్పేసి, ఒక చుట్టు వెనక్కి రండి. కింద ఇంజన్ దగ్గర, చాలా బండ్లకు కుడి పక్క, వైరు వచ్చి ఒక చిన్న ఇనుప చేతికి తగులుకుని ఉంటుంది, దానికి ముందు బ్రాకెట్‌కి రెండు వైపులా నట్లు ఉంటాయి. ఒకటి వదులు చేసి రెండోది తిప్పితే వైరు బిగుసుకోవడమో వదులవడమో జరుగుతుంది. కావలసిన ప్లే కంటే కాస్త ఎక్కువ ఉండేలా ఇక్కడ పెట్టి, ఒక నట్టుకి పానా పట్టుకుని రెండోది బిగించండి. మిగిలింది పైన సరిచేయండి. అక్కడ మట్టి పేరుకుని ఉంటుంది, మా వైపు ఎర్రమట్టి ఎండితే సిమెంటులా అవుతుంది, ముందు పాత బ్రష్షుతో దులిపి, కాస్త ఆయిల్ వేసి, పది నిమిషాలు ఆగి పానా పెట్టండి. సైలెన్సర్ పక్కనే ఉంటుంది, మళ్ళీ చెబుతున్నాను, బండి చల్లగా ఉండాలి.

తర్వాత హ్యాండిల్‌ని ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి పూర్తిగా కుడికి తిప్పి రెండు చోట్లా ప్లే చూడండి. తిన్నగా ఉన్నప్పుడు ఎంత ఉందో అంతే ఉండాలి. ఒక పక్కకు తిప్పితే ప్లే మాయమైపోతుంటే వైరు దారి తప్పిందని అర్థం, ట్యాంకుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుందో, ఎవరో ట్యాగు గట్టిగా కట్టేశారో, చూసి సరిచేయండి. ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు తిరుగుతున్నప్పుడు దానంతట అదే క్లచ్ పట్టుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు వేడెక్కనివ్వండి. క్లచ్ పూర్తిగా పట్టి ఫస్ట్ గేరు వేయండి. పెద్దగా టక్ అనకుండా పడాలి, బండి ముందుకు లాగకూడదు, ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ తేలిగ్గా దొరకాలి. ఫస్ట్‌లో క్లచ్ పట్టి ఉన్నా బండి పాకుతుంటే, న్యూట్రల్ కోసం కాలితో వెతుక్కోవాల్సి వస్తుంటే ప్లే ఎక్కువైంది, క్లచ్ పూర్తిగా విడవడం లేదు, గేర్లు పాడవుతాయి. సెంటర్ స్టాండ్ మీద ఉంచి చూస్తే క్లచ్ పట్టినా వెనక చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, దానికి భయపడకండి, లోపలి ఆయిల్ వల్ల అలా తిరుగుతుంది, వెనక బ్రేకు కొద్దిగా తొక్కితే ఆగిపోవాలి, ఆగిందా సరే. చీర కొంగు, పంచె, పిల్లల చేతులు చక్రానికి దూరంగా ఉంచండి. రెండో పరీక్ష రోడ్డు మీద. కాస్త ఎత్తున్న చోట మూడో గేరులో మెల్లగా వెళ్తూ ఒక్కసారి రేజ్ ఇవ్వండి. శబ్దంతోపాటు బండి కూడా లాగాలి. శబ్దం ఒకటే ముందు పెరిగిపోతే క్లచ్ జారుతోంది, ప్లే తక్కువైందేమో చూడండి, ప్లే సరిగ్గానే ఉండి కూడా జారుతుంటే తప్పు వైరుది కాదు.

అప్పుడు ప్లేట్లు కావచ్చు, స్ప్రింగులు కావచ్చు, ఆయిల్ కూడా కావచ్చు. మన బండ్ల క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి, కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న బైకు ఆయిలే పోయాలి. ఇంట్లో కారుకి పోయగా మిగిలింది కదా అని అది పోస్తే, కొన్ని కారు ఆయిళ్ళలో రాపిడి తగ్గించే మందు కలిపి ఉంటుంది, దానివల్ల ప్లేట్లు జారొచ్చు. ఇంకొకటి, డిసెంబర్, జనవరి పొద్దుల్లో, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉండే మా ఊళ్ళలో చలికి ఆయిల్ చిక్కబడి ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మొదటి గేరు వేయగానే బండి ఎగురుతుంది. అది చూసి వైరు బిగించకండి. స్టార్ట్ చేయకముందు క్లచ్ పట్టి గేరులోనే బండిని ముందుకీ వెనక్కీ రెండుసార్లు కదపండి, తర్వాత న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి కాస్త వేడెక్కనివ్వండి. ఆ తర్వాత మామూలైపోతే ఏ తప్పూ లేనట్టే.

లివర్ గట్టిగా ఉంది, చెయ్యి నొప్పి పుడుతోంది అంటే చాలాసార్లు వైరు లోపల ఎండిపోయి ఉంటుంది. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆయిల్ పెట్టండి. పైన వైరు గుండుని లివర్‌లోంచి తీసి, పాలిథిన్ ముక్కని గరాటులా కేసింగ్ మూతికి చుట్టి దారంతో కట్టి, అందులో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి వైరును నిలువుగా పట్టుకుని తీగని పైకీ కిందకీ ఆడించండి. ఓపిక పట్టాలి, కింద చివర ఆయిల్ బొట్టు కనిపించేదాకా ఉంచండి. మొదట వచ్చేది ఎర్రగా, తుప్పుతో వస్తుంది, తర్వాత శుభ్రంగా వస్తుంది. గ్రీజు లోపలికి ఎక్కించకండి, మట్టి అంటుకుని ముద్దవుతుంది. గ్రీజు లివర్ తిరిగే బోల్టుకి, వైరు గుండుకి మాత్రమే కొద్దిగా రాయండి. కొన్ని కొత్త బండ్ల కేబుళ్ళకు లోపల ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, వాటికి ఆయిల్ వద్దని పుస్తకంలో ఉంటే వద్దు.

ఆయిల్ పెట్టేటప్పుడే గుండు దగ్గర తీగని దగ్గరగా పెట్టుకుని చూడండి. చాలాసార్లు వైరు తెగేది అక్కడే. సన్నటి పోగులు మెలేసి చేసిన తీగ అది, ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది, గుడ్డతో తుడిస్తే తెగిన పోగు గుడ్డకు పట్టుకుంటుంది, వేలికి ముల్లులా గుచ్చుకుంటుంది. లివర్ పడుతుంటే కరకరమన్నా అదే గుర్తు. ఒక్క పోగు తెగినా మార్చేయండి, ఇంకా ఇరవై ఉన్నాయి కదా అని ఆగొద్దు, మిగిలిన వాటి మీద బరువు పెరిగి త్వరత్వరగా తెగుతాయి.

ఎంత బాగా సెట్ చేసుకున్నా నడిపే అలవాటు చెడ్డదైతే లాభం లేదు. రెండు వేళ్ళు ఎప్పుడూ లివర్ మీద ఆనించి నడిపేవాళ్ళున్నారు, ఆ వేళ్ళ బరువుకే ప్లే మొత్తం పోతుంది, నేను షాపులో బిగించుకున్నదానికీ దానికీ తేడా లేదు. ఎత్తు మీద లారీ వెనక ఆగినప్పుడు బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టకండి, వెనక బ్రేకు తొక్కి క్లచ్ పూర్తిగా పట్టుకోండి, ఎక్కువసేపయితే న్యూట్రల్ చేయండి.

దారిలో వైరు తెగితే కంగారు పడొద్దు. పల్లంలో దిగుతున్నప్పుడు తెగితే బండి గేరులోనే ఉంటుంది, రెండు బ్రేకులూ పనిచేస్తాయి, ఆగబోయే ముందు న్యూట్రల్ చేసి పక్కకు ఆపండి, ఇంజన్ ఆపి పల్లంలో జారవిడవకండి. మళ్ళీ కదలాలంటే న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, కాళ్ళతో నెడుతూ కాస్త వేగం వచ్చాక ఫస్ట్ వేయండి, ఒక కుదుపు వస్తుంది, పట్టుకుని కూర్చోండి. పై గేరుకి రేజ్ ఒక్క క్షణం పూర్తిగా వదిలేసి కాలు నొక్కితే పడుతుంది. ఖాళీ రోడ్డు మీద దగ్గరి ఊరు చేరడానికే ఇది, బజారులో ఈ పని చేయొద్దు, వెనక మనిషిని దింపేయండి.

అంతకంటే మంచిది ముందే ఒక కొత్త వైరు కొని పెట్టుకోవడం. కొనేటప్పుడు మీ బండి మోడల్, సంవత్సరం చెప్పి తీసుకోండి, కేసింగ్ పొడవు ఒకటే చూస్తే సరిపోదు, రెండు చివర్లా బయటికి ఉండే తీగ పొడవు కూడా కలవాలి. నేను దాన్ని పాత వైరు వెంబడే, అదే దారిలో, చివర్లకు పాలిథిన్ చుట్టి రెండు మూడు ట్యాగులతో వదులుగా కట్టేశాను. తెగితే ట్యాంకు తీయక్కర్లేదు, రెండు చివర్లు మార్చి తగిలిస్తే చాలు. కొత్త వైరు వేసినప్పుడు పై అడ్జస్టర్ లోపలికే ఉండేలా పెట్టి, ప్లే కింద నట్లతో తెచ్చుకోండి, పైన మర ముందుముందు పనికొస్తుంది. మొదటి వారం పది రోజుల్లో కొత్త వైరు కుదురుకుని కాస్త వదులవుతుంది, అప్పుడు ఒక పొద్దున్నే బండి చల్లగా ఉండగా ఇంకోసారి చూసి పైన అర చుట్టో, చుట్టో సరిచేసుకోండి.